పెద్దవాళ్లతో ట్రిప్పు: కరోనా తర్వాత నేను పాటించే పద్ధతి

ఇదివరకు మా ఇంట్లో సెలవులంటే నాలుగు నెలల ముందే రైలు టికెట్లు, వారంలో ఐదారు ఊళ్లు. 2020 వేసవికి కాశీ, గయ అనుకున్నాం. మార్చి 22 నుంచి రైళ్లు ఆగిపోయాయి. రైల్వే టికెట్ డబ్బు మొత్తం వెనక్కొచ్చింది గానీ, బస కోసం ట్రావెల్స్‌కి కట్టిన అడ్వాన్సు నేటికీ రాలేదు.

అందుకే ఇప్పుడు ఊరు ఎంచుకునేటప్పుడు మొదట చూసేది ఒకటే: ఒంట్లో బాగోకపోతే అదే రోజు ఇల్లు చేరగలమా? రాజమండ్రిలో ఉండే మాకు కొండల్లో, అడవి మధ్య ఉన్న మారేడుమిల్లి అలాంటిది. గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు, సొంత కారు. దూరాలు మానేయమనను. రైల్లో దుప్పట్లు 2022 మార్చి నుంచి మళ్లీ ఇస్తున్నారు, నేను మాత్రం ఇంటి దుప్పటే తీసుకెళ్తాను.

రూముకి నేరుగా ఫోన్ చేయండి. తేదీ మార్చుకోవచ్చా, రద్దయితే ఎంత పట్టుకుంటారు అని అడిగి, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్సు వేయండి. ఏసీ కన్నా కిటికీలు తెరుచుకునే గది మేలు. మా అత్తయ్యగారికి మెట్లు కష్టం కాబట్టి కింది గదే అడుగుతాను.

కార్తీకమాసం ఆదివారాలు వద్దు, వనభోజనాల వాళ్లతో కాలు పెట్టే చోటుండదు. మామూలు రోజున తెల్లారకముందే బయల్దేరితే అక్కడి జలతరంగిణి జలపాతం దగ్గర జనం లేకుండా కాసేపు కూర్చోవచ్చు.

తిండి సగం ఇంటిదే. చింతపండు పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. పెరుగన్నానికి అన్నంలో గోరువెచ్చని పాలు ఎక్కువ పోసి, చెంచాడు పెరుగు తోడు కలపండి. మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా ఉంటుంది. బొంగు చికెన్ మాత్రం అక్కడే తినాలి. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు, చుక్క నూనె ఉండదు. ముందే చెప్పి కాల్పించుకుని, వేడివేడిగా ఆరుబయటే తినేయండి. ఇరుకు హోటల్లో కూర్చోవాల్సిన పనే లేదు.

బీపీ, షుగర్ మాత్రలు రెండు రోజులకు అదనంగా, చీటీ ఫోటో, థర్మామీటరు, ఆక్సీమీటరు ఒకే సంచిలో పెట్టి డ్రైవరు పక్కన ఉంచండి, డిక్కీలో కాదు. దారిలో ఏరియా ఆసుపత్రి రంపచోడవరంలో ఉంది. పైన సిగ్నల్ నిలకడగా ఉండదు కాబట్టి చేతిలో నగదు, ఫోన్లో ముందే దింపుకున్న మ్యాపు ఉండాలి.

ముందురోజు ఇంట్లో ఎవరికి జ్వరం తగిలినా, దగ్గున్నా ప్రయాణం ఆపేయండి. అక్కడివి కొండరెడ్లనే గిరిజనుల గూడేలు. రోగిని డోలీ కట్టి మోసుకొస్తే తప్ప ఆసుపత్రికి చేరలేని ఊళ్లు ఏజెన్సీలో ఇంకా ఉన్నాయి. మన సరదా కోసం వాళ్ల మీదికి జబ్బు తీసుకెళ్లడం పాపం. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి. అప్పుడే ఫోన్ చేసి రూము తేదీ మార్పించుకోండి.