సైట్‌లో సేఫ్టీకి డబ్బులు ఎక్కడి నుంచి తేవాలి? చిన్న బిల్డర్ల కోసం

పెద్ద కంపెనీల సైట్లలో సేఫ్టీ ఆఫీసర్ ఉంటాడు, గేటు దగ్గరే హెల్మెట్ ఇస్తారు. అసలు గొడవంతా మన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లలోనే. "బడ్జెట్ లేదు సార్" అని నేనూ చాలాసార్లు అన్నాను, అందుకే ఆ మాటలో నిజమెంతో నాకు బాగా తెలుసు.

ముందు లెక్క చూద్దాం. 20,000 చదరపు అడుగుల బిల్డింగ్ అనుకోండి, అడుగుకి 10 రూపాయలు సేఫ్టీకి పక్కన పెడితే 2 లక్షలు. హాల్లో టైల్స్ రకం మారిస్తేనే ఇంత తేడా వచ్చేస్తుంది. కాకపోతే ఈ పది రూపాయల్ని మేస్త్రీ గుత్త రేటులో కలపకండి, కలిపారంటే బేరంలో మొదట ఎగిరిపోయేది అదే. ఎస్టిమేట్‌లో వేరే లైను రాసి, సామాను మీరే కొనివ్వండి.

చాలామంది హెల్మెట్లు కొని, ఒక ఫొటో దిగి ఆగిపోతారు. హెల్మెట్ కావాలి, అదీ ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 2925 మార్కు ఉన్నదే. కానీ పైనుంచి పడేవాణ్ణి, మట్టి కింద ఇరుక్కున్నవాణ్ణి, కరెంటు కొట్టినవాణ్ణి హెల్మెట్ ఏం కాపాడుతుంది? మొదటి డబ్బు ఈ మూడింటికే పెట్టండి.

నా సైట్‌లో జరిగింది చెప్తా. మూడో స్లాబ్ మీద డక్టు (పైపులు దిగే) రంధ్రానికి ప్లైవుడ్ షీటు కప్పించాను. మర్నాడు సెంట్రింగ్ (స్లాబ్ కింద అచ్చు కట్టే) వాళ్లకి ఒక షీటు తక్కువైతే దాన్నే పట్టుకెళ్లి, ఆ చోట ఖాళీ సిమెంటు సంచులు పరిచారు. ఇటుకల తట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒకావిడ వాటి మీద కాలేసింది. ఒక కాలు తొడ దాకా దిగబడింది, రెండో మోకాలు అంచుకి తగులుకుని ఆగింది, ఇటుకలు మాత్రం కిందికెళ్లి ముక్కలయ్యాయి. పైకి లాగాక ఆవిడ మొదట అడిగింది ఏంటంటే, ఆ ఇటుకల డబ్బులు కూలీలో పట్టుకుంటారా అని.

అప్పట్నుంచి చిన్న డక్టుల దగ్గర స్లాబ్ కడ్డీల్ని కోయకుండా అడ్డంగా అలాగే వదిలేస్తున్నాం, పైపులు వేసే రోజే కోస్తాం. ఖర్చు సున్నా. లిఫ్ట్ గుంతకి ప్రతి అంతస్తులో నడుం ఎత్తున ఒకటి, మోకాలి ఎత్తున ఒకటి కడ్డీ వెల్డింగ్ చేయించండి, ముక్కలు సైట్‌లోనే దొరుకుతాయి. ఎర్ర రిబ్బన్ కట్టి వదిలేస్తే అది అలంకారమే.

బయట గోడ ప్లాస్టరింగ్‌కి ఫుల్ బాడీ హార్నెస్ (ఒళ్లంతా పట్టే సేఫ్టీ బెల్టు) కొనండి, ఐఎస్ 3521 ఉన్నది. కొన్నాక హుక్కు ఎక్కడ తగిలించాలో కూడా చూపించాలి మరి. పరంజా కర్రకే తగిలిస్తే కర్ర విరిగిన రోజు కర్రతో పాటు మనిషీ కిందికే. పై అంతస్తు కాలమ్‌కి కట్టిన గట్టి తాడుకి తగిలించాలి. హార్నెస్ తర్వాతి సైట్‌కీ పనికొస్తుంది, అక్కడ డబ్బు మిగుల్తుంది. కానీ ఒక్కసారి మనిషి పడితే పట్టి ఆపిందంటే దాన్నిక పారేయాల్సిందే.

కరెంటుకి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. టెంపరరీ బోర్డులో 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించి, వారానికోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

సెల్లార్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. లారీ కిరాయి కలిసొస్తుందని తవ్విన మట్టిని గట్టు మీదే పోస్తారు, వాన పడితే ఆ బరువుకి గట్టు మొత్తం లోపలికొస్తుంది. అంచు నుంచి కనీసం ఒకటిన్నర మీటరు వదలండి, గుంత లోతైతే ఇంకా ఎక్కువ. వానలు మొదలయ్యేలోపే రిటైనింగ్ గోడ (మట్టిని ఆపే గోడ) లేచేలా పని మొదలుపెట్టండి.

అసలు బడ్జెట్ ఒత్తిడి సామాను ధరల్లో కంటే తేదీల్లో ఎక్కువ. స్లాబ్ పడితేనే కస్టమర్ వాయిదా వస్తుంది, స్లాబ్ కింద నిలబెట్టే జాకీలకి రోజు కిరాయి పెరుగుతుంటుంది, "ఐదు రోజులైంది కదా, తీసేద్దాం సార్" అంటాడు మేస్త్రీ. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబ్‌కి జాకీలు 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటైతే ఇంకాస్త ఆగడం మంచిది. ఆ కిరాయి మొదటి రోజే ఎస్టిమేట్‌లో రాసుకుంటే తర్వాత ఈ టెన్షన్ ఉండదు. తేదీ తప్పదంటే ఇంకో గ్యాంగును పిలవండి, పగలంతా చేసినవాళ్లనే రాత్రి కూడా పైకి ఎక్కించకండి.

చివరగా డబ్ల్యూసీ పాలసీ, అంటే పనిలో కూలీకి ప్రమాదం జరిగితే పరిహారం ఇచ్చే ఇన్సూరెన్స్. 30 ఏళ్ల కూలీ చనిపోతే పరిహారం లెక్క నెల కూలీలో సగం ఇంటూ 207.98, కూలీ 15,000గా తీసుకుంటే 15.6 లక్షలు. ప్రీమియం తగ్గుతుందని పదిమందినే రాయిస్తుంటారు. స్లాబ్ రోజు అడ్డా మీద నుంచి తెచ్చుకునే ముప్పై మందినీ అందులో రాయించండి.