ఆసుపత్రి బాధ్యతల్లో ఉన్నవారు ఉద్యోగం చేస్తూనే చదువు కొనసాగించడం ఎలా?

మన జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో సూపరింటెండెంటు కుర్చీలోకి వచ్చేవారు చాలావరకు ఏళ్ల తరబడి సర్జరీలోనో, గైనిక్‌లోనో, పిల్లల విభాగంలోనో పనిచేసి సీనియారిటీ మీద పైకి వచ్చిన వైద్యులే. కత్తి పట్టడానికి వారు ఏళ్లపాటు శిక్షణ పొందారు కానీ, మరుసటి రోజు నుంచి తాము సంతకం పెట్టవలసిన శానిటేషన్ కాంట్రాక్టు, మందుల ఇండెంటు, ఆరోగ్యశ్రీ క్లెయిములు, సిబ్బంది డ్యూటీ రోస్టరు, ఆక్సిజన్ ప్లాంటు నిర్వహణ వంటి వాటి గురించి పద్ధతిగా చెప్పినవారు చాలా తక్కువ. ప్రైవేటు రంగంలో ఇదే లోటు ఇంకో రూపంలో కనిపిస్తుంది. అక్కడ ఎంబీఏ చదివిన మేనేజరుకు లెక్కలు తెలుస్తాయి, వార్డు తెలియదు. నర్సింగ్ సూపరింటెండెంటుకు వార్డు కరతలామలకం, బడ్జెటు సమావేశంలో మాత్రం మాట పెగలదు. ఈ లోటును పూడ్చుకోవడానికి హైదరాబాద్‌లోనూ, దేశంలో ఇతర చోట్లా, ఇంటి నుంచి కదలకుండానూ దారులు చాలానే ఉన్నాయి. అయితే కోర్సు బ్రోచరు చూసి చదువును ఎంచుకోకూడదని, మన ఆసుపత్రిలో రోజూ ఎదురయ్యే ఇబ్బందిని చూసి ఎంచుకోవాలని నా గట్టి నమ్మకం. కింది అడుగులన్నీ ఆ నమ్మకం మీదే నిలబడ్డాయి.

మొదటి అడుగు: ఏం నేర్చుకోవాలో ఆసుపత్రినే అడగండి

ఏ సంస్థ వెబ్‌సైటునూ తెరవకముందే, మీ ఆసుపత్రిలో రోగులు తరచుగా ఫిర్యాదు చేసే ఒక్క విషయాన్ని తీసుకుని వారం రోజులు దాన్ని కొలవండి. ఉదాహరణకు డిశ్చార్జ్ ఆలస్యాన్ని తీసుకుందాం. ఉదయం రౌండ్సులో డాక్టరు "ఈరోజు ఇంటికి వెళ్లిపోవచ్చమ్మా" అని చెప్పిన రోగి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కూడా మంచం మీదే కూర్చుని ఉండటం, ఆ మంచం కోసం క్యాజువాలిటీలో ఇంకొకరు స్ట్రెచర్ మీద ఎదురుచూడటం మనందరికీ తెలిసిన దృశ్యమే. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి, డాక్టరు చెప్పిన సమయం, డిశ్చార్జ్ సమ్మరీ తయారైన సమయం, బిల్లు లేదా క్లెయిము పూర్తయిన సమయం, మంచం ఖాళీ అయిన సమయం ప్రతి రోగికీ రాయించండి.

వారం తర్వాత ఆ కాగితాలను ముందు పెట్టుకుంటే జాప్యం ఎక్కడుందో స్పష్టంగా కనబడుతుంది. సమ్మరీ దగ్గర ఆగుతుంటే అది డ్యూటీ డాక్టర్ల పని విభజనకూ, మెడికల్ రికార్డుల నిర్వహణకూ సంబంధించినది. వాడని మందులను ఫార్మసీకి తిప్పి పంపి లెక్క తేల్చే దగ్గర ఆగుతుంటే అది పని క్రమానికి సంబంధించినది. బీమా అనుమతి దగ్గర ఆగుతుంటే మాత్రం నియమాలు తెలియడం అవసరం: నగదు రహిత చికిత్సలో ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అభ్యర్థన అందిన మూడు గంటల్లోపు బీమా సంస్థ తుది అనుమతి ఇవ్వాలని బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. ఈ మూడింటికీ అవసరమైన చదువులు మూడు వేర్వేరు. మొదటి రెండింటికి నాణ్యత నిర్వహణ, ప్రక్రియల మెరుగుదల కోర్సులు పనికొస్తాయి, మూడోదానికి ఆరోగ్య బీమా, ఆర్థిక నిర్వహణ కోర్సులు పనికొస్తాయి. ఈ తేడా తెలియకుండా లక్షలు కట్టి నాయకత్వ కోర్సులో చేరితే, పట్టా గోడ మీదికి వస్తుంది కానీ రోగి సాయంత్రం దాకా మంచం మీదే ఉంటాడు.

రెండో అడుగు: తప్పనిసరి గంటలను ముందే లెక్క చూసుకోండి

వైద్యులు ఐదేళ్లలో కనీసం 30 గంటల నిరంతర వైద్య విద్యలో పాల్గొనాలని 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తన నియమావళి చెబుతోంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ సమయంలో చాలా రాష్ట్రాల వైద్య మండళ్లు, ఆ గంటలు పూర్తిచేసినట్టు చూపే క్రెడిట్ పత్రాలు అడుగుతాయి. నర్సులకు భారతీయ నర్సింగ్ మండలి ఐదేళ్లకు 150 గంటలను నిర్దేశించింది. మీరు చేరబోయే మేనేజ్‌మెంట్ కోర్సు ఈ లెక్కలోకి వస్తుందో రాదో డబ్బు కట్టకముందే నిర్వాహకులను అడిగి, మండలి ఇచ్చిన గుర్తింపు పత్రం చూపించమని కోరండి. చాలా మేనేజ్‌మెంట్ కోర్సులు ఈ లెక్కలోకి రావు. అయినా అవసరమైతే చేరండి, కానీ రెన్యువల్ గంటలను వేరే దారిలో సమకూర్చుకోవాలని గుర్తుంచుకోండి.

మూడో అడుగు: మీకున్న తీరికను బట్టి చదువు రకాన్ని నిర్ణయించుకోండి

రెండు నుంచి ఐదు రోజులు మాత్రమే కేటాయించగలిగితే స్వల్పకాలిక శిక్షణలే మేలు. ఆసుపత్రుల గుర్తింపు సంస్థ ఎన్‌ఏబీహెచ్ తన ప్రమాణాల అమలుపై శిక్షణ కార్యక్రమాలు నడుపుతుంది. 2006లో మొదలైన ఆ ప్రమాణాల ఆరో సంచిక 2025లో వచ్చింది కాబట్టి, పాత సంచికల మీద శిక్షణ పొందినవారు కూడా మళ్లీ ఒకసారి కూర్చోవడం అవసరమే. గుర్తింపు పొందిన ఆసుపత్రుల సమాఖ్య అయిన కాహో కూడా నాణ్యత అమలుపై కోర్సులు, ఏటా ఒక జాతీయ సదస్సు నిర్వహిస్తుంది. 1956 నుంచి అధికారులకు శిక్షణ ఇస్తున్న హైదరాబాద్‌లోని ఆస్కీ, అంటే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్, వైద్య రంగ నిర్వాహకులకూ తెలిసిన చోటే. అక్కడి కార్యక్రమాల్లో ఇతర రాష్ట్రాల అధికారులతో కలిసి కూర్చోవడం వల్ల, మన సమస్యను ఇంకొకరు ఎలా పరిష్కరించారో తేనీటి విరామంలో వినే అవకాశం దొరుకుతుంది. నా దృష్టిలో ఆ సంభాషణల విలువ తరగతి పాఠాల కంటే తక్కువేమీ కాదు.

ఏడాది పాటు ఉద్యోగంతో పాటే చదవగలిగితే, ముంబైలోని టాటా సామాజిక విజ్ఞాన సంస్థ నడిపే ఆసుపత్రి పరిపాలన ఎగ్జిక్యూటివ్ డిప్లొమా గట్టి పేరున్నది. ఢిల్లీలోని జాతీయ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థ ఆసుపత్రి నిర్వహణపై దూరవిద్య కోర్సు నడుపుతోంది. ఇగ్నో చాలాకాలంగా వైద్య పట్టభద్రులను దృష్టిలో పెట్టుకుని ఆసుపత్రి, ఆరోగ్య నిర్వహణలో పీజీ డిప్లొమా అందిస్తోంది. పెద్ద ఫీజు భరించగలిగిన ప్రైవేటు ఆసుపత్రుల ఉన్నతాధికారులకు ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్), ఐఐఎం బెంగళూరు వంటి చోట్ల ప్రత్యేకంగా ఆరోగ్య రంగానికే రూపొందించిన ఎగ్జిక్యూటివ్ కార్యక్రమాలున్నాయి. ఇంకా వయసూ వీలూ ఉండి ఉద్యోగానికి విరామం ఇవ్వగలిగినవారు హైదరాబాద్‌లోని నిమ్స్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ వంటి పూర్తికాలపు చదువును చూడవచ్చు.

దూరవిద్యలో చేరేముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. విశ్వవిద్యాలయం పేరు, కోర్సు పేరు, మీరు చేరే విద్యా సంవత్సరం, ఈ మూడూ యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో కలిసి ఉన్నాయో లేదో స్వయంగా చూడండి. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ 2025లో ఆదేశించింది కాబట్టి, నిరుడు ఉన్న కోర్సు ఈ ఏడాదీ ఉంటుందనే భరోసా లేదు. ఏజెంటు చెప్పిన మాట మీద ఫీజు కట్టకండి.

నాలుగో అడుగు: ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటే ఎన్‌క్వాస్ శిక్షణను వదులుకోకండి

ప్రభుత్వ ఆసుపత్రుల వారికి ఒక్క శిక్షణనే సూచించమంటే, తడుముకోకుండా ఎన్‌క్వాస్ అంతర్గత మదింపుదారుల శిక్షణ పేరే చెబుతాను. ఎన్‌క్వాస్ అంటే ప్రభుత్వ ఆరోగ్య సంస్థల కోసం 2013లో వచ్చిన జాతీయ నాణ్యత హామీ ప్రమాణాలు. వీటిని ఢిల్లీలోని జాతీయ ఆరోగ్య వ్యవస్థల వనరుల కేంద్రం రూపొందించింది. రెండు మూడు రోజుల ఈ శిక్షణ సాధారణంగా రాష్ట్ర నాణ్యత విభాగం ద్వారానే జరుగుతుంది కాబట్టి వ్యక్తిగతంగా ఫీజు భారం ఉండదు. జిల్లా నాణ్యత బృందానికి మీ ఆసక్తిని రాతపూర్వకంగా తెలియజేసి జాబితాలో పేరు చేర్పించుకోండి.

దీని గొప్పతనం చూసే పద్ధతిలో ఉంది. సేవల లభ్యత, రోగి హక్కులు, వనరులు, సహాయక సేవలు, వైద్య సేవలు, ఇన్ఫెక్షన్ నియంత్రణ, నాణ్యత నిర్వహణ, ఫలితాలు అనే ఎనిమిది రంగాల్లో ప్రతి అంశానికీ నాలుగు విధాలుగా ఆధారం వెతకమంటుంది: కళ్లతో పరిశీలించడం, సిబ్బందిని అడగడం, రికార్డు చూడటం, రోగిని అడగడం. పూర్తిగా పాటిస్తే 2, సగం పాటిస్తే 1, లేకపోతే 0. ప్రసవ గదిలోకి వెళ్లి, "నేల మీద రక్తం పడితే ఏం చేస్తావమ్మా? హైపోక్లోరైట్ ద్రావణం ఎలా కలుపుతావు?" అని శానిటేషన్ వర్కరును అడిగి, ఆమె చేసి చూపించేదాకా ఆగడం ఈ శిక్షణలో అలవాటవుతుంది. వాడిన గ్లోవ్స్ ఎరుపు సంచిలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, సూదులు తెల్లని గట్టి డబ్బాలో, గాజు సీసాలు నీలం డబ్బాలో పడుతున్నాయా అని మూత తీసి చూడటం అలవాటవుతుంది. గోడ మీద రంగుల చార్టు అంటించి ఉన్నంత మాత్రాన 2 వేయకూడదని ఒకసారి మనసుకెక్కిందంటే, ఆ తర్వాత మీరు చేసే ప్రతి రౌండూ మారిపోతుంది. సర్టిఫికెట్ కోసం మొత్తం మీద కనీసం 70 శాతం మార్కులు రావాలి. కానీ మదింపు నేర్చుకున్న అధికారి తన ఆసుపత్రికి నిజాయతీగా 48 శాతం వేసుకోగలిగిన రోజే అసలు పని మొదలవుతుంది.

ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్లాలనుకునేవారు బాహ్య మదింపుదారుల శిక్షణకు ప్రయత్నించవచ్చు. ఇతర రాష్ట్రాల ఆసుపత్రులను లోపలి నుంచి చూసే అవకాశం దానివల్ల కలుగుతుంది.

ఐదో అడుగు: ఆన్‌లైన్ చదువును ఒంటరిగా చేయకండి

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా వేదిక 'స్వయం'లో, ఐఐటీలు తదితర సంస్థలు నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ పొందాలంటే మాత్రం కొంత రుసుము కట్టాలి. ప్రభుత్వ ఉద్యోగుల కోసం ఐగాట్ కర్మయోగి అనే ఆన్‌లైన్ శిక్షణ వేదిక ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచిత కోర్సులు అందిస్తుంది. రోగి భద్రతపై జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం పాఠాలు కోర్సెరాలో ఉన్నాయి. లోటు పాఠాల్లో లేదు, చాలామంది రెండో వారంలోనే ఆగిపోవడంలో ఉంది. ఆసుపత్రిలో రాత్రి పన్నెండింటికి కూడా ఫోను మోగుతుంది, సెలవురోజు కూడా మనది కాదు. అందుకే ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు), నర్సింగ్ సూపరింటెండెంటు, ఫార్మసీ అధికారి, ల్యాబ్ ఇన్‌ఛార్జి, మీరు కలిసి ఒకే కోర్సులో చేరండి. వారంలో ఒక మధ్యాహ్నం ఓపీ ముగిశాక ముప్పావుగంట కలిసి పాఠం విని, అదే గదిలో మన ఆసుపత్రి సంగతి మాట్లాడుకోండి. ఒకరు అత్యవసర పనిమీద వెళ్లినా మిగతావారు సాగిస్తారు, తర్వాతి వారం వారే చెబుతారు.

ఆరో అడుగు: అనుమతి, ఫీజు, బాధ్యతల అప్పగింత

ప్రభుత్వ ఉద్యోగులు దరఖాస్తును శాఖాధిపతి ద్వారానే పంపాలి. సుదీర్ఘ కోర్సుకు నిరభ్యంతర పత్రం ముందే తీసుకోండి. ప్రైవేటు ఆసుపత్రిలో యాజమాన్యానికి ఒకే పేజీలో లేఖ రాయండి. అందులో మొదటి అడుగులో మీరు కొలిచిన అంకెలు, ఈ కోర్సు వాటిని ఎలా మారుస్తుందనే వివరణ, మీరు లేని రోజుల్లో ఎవరు ఏం చూసుకుంటారనే జాబితా ఉండాలి. యాజమాన్యం ఫీజు భరిస్తే, అందుకు బదులుగా ఎన్నాళ్లు పనిచేయాలో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో సంతకానికి ముందే చదువుకోండి. ఇన్‌ఛార్జికి తాళాలతో పాటు సంతకాల అధికారం కూడా రాతపూర్వకంగా ఇచ్చి వెళ్లాలి. లేకపోతే మందుల ఇండెంటు మీరు తిరిగొచ్చేదాకా బల్ల మీదే ఆగిపోతుంది.

అమెరికాలో ఆసుపత్రుల నిర్వహణలో ఉన్న తెలుగువారికి ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉంది. 1933లో ఏర్పడిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ హెల్త్‌కేర్ ఎగ్జిక్యూటివ్స్ ఇచ్చే ఫెలో హోదాను మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, అందుకు విద్యా గంటలు చూపాలి. కాబట్టి నేర్చుకోవడానికి సెలవు అడగడం అక్కడ ఉద్యోగంలో భాగమే. మన దగ్గర ఆసుపత్రి నిర్వాహకులకు అలాంటి నిర్బంధం లేనందున, ఆ లేఖ ఎంత సమర్థంగా రాస్తామన్నదే కీలకమవుతుంది.

ఏడో అడుగు: తిరిగొచ్చిన పదిహేను రోజుల్లో

శిక్షణ నుంచి తెచ్చిన పుస్తకం బీరువాలోకి చేరకముందే, అందులోంచి ఒకే ఒక్క అంశాన్ని ఎంచుకుని సిబ్బందికి వార్డులోనే, తెలుగులో చెప్పండి. స్లైడ్లు అక్కర్లేదు. ద్రావణం కలపడమైతే బకెట్టు దగ్గరే నిలబడి కలిపి చూపించండి. డిశ్చార్జ్ సమ్మరీ ముందురోజు సాయంత్రమే సగం సిద్ధం చేయడమైతే, ఒక రోగి కేస్ షీట్ చేతిలో పట్టుకుని డ్యూటీ డాక్టరు, హెడ్ నర్సు ముందు నింపి చూపించండి. ఎవరు చేయాలి, ఎన్ని గంటలకు చేయాలి అన్నది ఆ రోజే రోస్టరులో రాయించండి.

మూడు నెలల తర్వాత ఆ నాలుగు గడుల కాగితాన్నే మళ్లీ వారం రోజులు నింపించి, రెండు వారాల కాగితాలనూ పక్కపక్కన పెట్టి సిబ్బంది అందరికీ చూపించండి. సమయం తగ్గితే ఏ మార్పు వల్ల తగ్గిందో రాసి పెట్టుకోండి, తర్వాతి సూపరింటెండెంటుకు అప్పగించే ఫైలులో అది ఉండాలి. తగ్గకపోతే జాప్యం ఇప్పుడు ఏ గడిలో ఆగుతోందో చూడండి. వచ్చే ఏడాది మీరు చేరవలసిన కోర్సు ఏదో ఆ గడిని బట్టి నిర్ణయించుకోండి.