పాత ప్రోగ్రాముకు కొత్త ఫైలు ఎదురైనప్పుడు: వెర్షన్ కంట్రోల్‌లో ఫైల్ ఫార్మాట్‌ను మార్చే పద్ధతి

ఒక రిపాజిటరీని, అంటే ఫైళ్లనూ వాటి మార్పుల చరిత్రనూ దాచే నిల్వను, ఎప్పుడూ ఒకే ప్రోగ్రాము తెరవదన్న సంగతిని వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాసేవారు మొదటి రోజు నుంచే గుర్తుంచుకోవాలి. డెవలపర్ టర్మినల్‌లోని గిట్ (అలాంటి సాఫ్ట్‌వేర్‌లలో ఒకటి) ఒక వెర్షన్‌ది, ఎడిటర్‌లో ఇమిడి ఉన్న లైబ్రరీ వేరొకరు రాసినది, బిల్డ్ సర్వర్‌లోని గిట్ ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోనిది. అందువల్ల ఫార్మాట్‌ను మార్చే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. కొత్త ప్రోగ్రాము పాత ఫైలును చదవగలదా? పాత ప్రోగ్రాముకు కొత్త ఫైలు ఎదురైతే ఏం చేస్తుంది? మొదటి ప్రశ్న అందరికీ తడుతుంది. నష్టం ఎక్కువగా జరిగేది రెండోదాని దగ్గర. ఫైలును సగమే అర్థం చేసుకున్న ప్రోగ్రాము ఆ సగాన్నే తిరిగి రాసి, మిగిలినదాన్ని చెరిపేస్తుంది. కనుక పాత ప్రోగ్రాము కొత్త ఫైలును పూర్తిగా, సరిగ్గా చదవాలి, లేదా చెయ్యి పెట్టకుండా ఆగిపోవాలి. ఈ రెండింటికీ మధ్య మూడో దారిని మనం మిగల్చకూడదు.

దీనికి మొదటి మెట్టు ఫైలు మొదట్లోనే ఒక గుర్తును, దాని వెంట వెర్షన్ సంఖ్యను రాయడం. గిట్ ఇండెక్స్ ఫైలు (తర్వాత నమోదు చేయబోయే ఫైళ్ల జాబితా) డీఐఆర్‌సీ అనే నాలుగు అక్షరాలతో మొదలవుతుంది, తర్వాతి నాలుగు బైట్లలో వెర్షన్ ఉంటుంది. అయితే సంఖ్యను రాయడం కంటే దాన్ని పరీక్షించడం ముఖ్యం. గిట్ రిపాజిటరీ కాన్ఫిగ్‌లోని ఫార్మాట్ వెర్షన్ అంకె 2005 నుంచి దాదాపు పదేళ్లపాటు సున్నాగానే ఉండిపోయింది. అయినా తనకు తెలియని అంకె కనిపిస్తే ఆగిపోవాలన్న పరీక్ష ఆ పదేళ్లూ ప్రతి గిట్‌లోనూ ఉంది. అందుకే ఆ తర్వాత వచ్చిన వెర్షన్ 1 రిపాజిటరీని చూడగానే పాత గిట్‌లు సవ్యంగా నిరాకరించగలిగాయి.

వెర్షన్ సంఖ్యను మరచిపోతే ఎంత శ్రమ పడాల్సి వస్తుందో గిట్ ప్యాక్ ఇండెక్స్ చరిత్ర చూపిస్తుంది. గిట్ దాచే ఒక్కో సమాచారపు ముక్కను ఆబ్జెక్టు అంటారు. చాలా ఆబ్జెక్టులను కలిపి ఉంచే ఫైలు ప్యాక్, అందులో ఏది ఎక్కడుందో చెప్పేది ప్యాక్ ఇండెక్స్. ఆ ఫైలు మొదటి రూపానికి గుర్తూ లేదు, వెర్షనూ లేదు. నేరుగా 256 గడుల పట్టికతో మొదలయ్యేది. మొదటి గడిలో, హ్యాష్‌లోని (ఆబ్జెక్టులోని సమాచారం నుంచి లెక్కకట్టే గుర్తింపు సంఖ్యలోని) తొలి బైటు సున్నా అయిన ఆబ్జెక్టులు ఎన్ని ఉన్నాయో రాసి ఉంటుంది. ప్రతి ఆబ్జెక్టు స్థానాన్ని నాలుగు బైట్లలోనే చెప్పాలి కాబట్టి 4 జీబీలను మించిన ప్యాక్‌కు ఈ రూపం చాలదు. కొత్త రూపం అవసరమైంది, కానీ పాత ప్రోగ్రాము దాన్ని పాత పట్టికగా భ్రమపడి చదవకూడదు. దానికి గిట్ రచయితలు ఎంచుకున్న మార్గాన్ని ఫార్మాట్‌లతో పనిచేసే ప్రతివారూ చదివి తీరాలని నా అభిప్రాయం. రెండో వెర్షన్‌లో మొదటి బైటు విలువ 255, తర్వాతి మూడు బైట్లు టి, ఓ, సి అక్షరాలు. పాత ప్రోగ్రాము ఈ నాలుగు బైట్లనూ ఒకే సంఖ్యగా చదివితే అది 428 కోట్లు దాటుతుంది. ఒక్కో ఆబ్జెక్టుకు కనీసం 3 బైట్లు కావాలి, పాత రూపంలో ప్యాక్ 4 జీబీలను మించకూడదు. అంటే ఆబ్జెక్టులు సుమారు 143 కోట్లను దాటే వీలే లేదు. పైగా పట్టికలోని ప్రతి గడీ అప్పటిదాకా లెక్కించిన మొత్తాన్ని చెబుతుంది కాబట్టి విలువలు ఎప్పుడూ తగ్గకూడదు, ఇక్కడ రెండో గడి స్థానంలో వెర్షన్ సంఖ్య 2 మాత్రమే ఉంటుంది. కాబట్టి పాత గిట్ పట్టిక చెడిందని గ్రహించి ఆగిపోతుంది. మీ పాత ఫార్మాట్‌లోనూ ఇదే లోపం ఉంటే, ఆ ఫార్మాట్‌లో ఎన్నటికీ సాధ్యం కాని విలువ ఏదో వెతికి, దాన్నే కొత్త ఫార్మాట్‌కు గుర్తుగా పెట్టండి.

గిట్ లాంటిదే మరో వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ అయిన మెర్క్యూరియల్ కూడా ఇలాంటి ఉపాయాన్నే వాడింది. రిపాజిటరీని చదవడానికి ఏయే సామర్థ్యాలు కావాలో రిక్వైర్స్ అనే చిన్న ఫైలులో వరుసకొకటిగా రాసి ఉంటాయి, వాటిలో తెలియనిది ఒక్కటి కనిపించినా ప్రోగ్రాము ఆగిపోతుంది. కానీ ఆ ఫైలు సంగతే ఎరుగని పాత ప్రోగ్రాముల కోసం, అవి మొదట తెరిచే పాత చోటులోనే, చెల్లని వెర్షన్ సంఖ్యతో ఒక ఉత్తుత్తి ఛేంజ్‌లాగ్‌ను (మార్పుల చరిత్ర ఫైలును) ఉంచారు.

గుర్తు స్థిరపడ్డాక, కొత్తగా చేర్చే ప్రతి సమాచారం తప్పనిసరిదో కాదో తేల్చాలి. గిట్ ఇండెక్స్‌లో ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ, అంటే అదనంగా చేర్చిన భాగానికీ, నాలుగు ఇంగ్లిషు అక్షరాల పేరుంటుంది. మొదటిది పెద్ద అక్షరమైతే తెలియని ప్రోగ్రాము దాన్ని దాటి పోవచ్చు, లేకపోతే ఆగిపోవాలి. ఫైళ్ల జాబితాలో కొంత భాగం వేరే ఫైలులో ఉందని చెప్పే లింక్ ఎక్స్‌టెన్షన్ చిన్న అక్షరంతో మొదలవుతుంది, ఎందుకంటే దాన్ని వదిలేసి చదివితే జాబితాయే తప్పుతుంది. వేగం కోసం మాత్రమే ఉన్న ట్రీ ఎక్స్‌టెన్షన్‌ను వదిలేసినా ఫలితం మారదు. ఇక్కడొక జాగ్రత్త అవసరం. వదిలేయదగిన సమాచారాన్ని వేరే ఫైలులో పెడితే, దాని ఉనికే తెలియని పాత ప్రోగ్రాము అసలు ఫైలును మార్చినప్పుడు ఆ రెండో ఫైలు కాలం చెల్లినదై మిగిలిపోతుంది. అలాంటి ఫైలులో తాను ఆధారపడిన అసలు ఫైలు చెక్‌సమ్‌ను (ఫైలు మారిందో లేదో తేల్చే లెక్కను) రాసి ఉంచాలి. ప్యాక్‌కు తోడుగా వేగం కోసం ఉంచే గిట్ బిట్‌మ్యాప్ ఫైలులో ఆ ప్యాక్ చెక్‌సమ్ ఉంటుంది.

చదవడం ముందు, రాయడం తర్వాత: ఈ క్రమాన్ని ఎంత తొందర ఉన్నా తప్పకండి. ప్యాక్ ఇండెక్స్ రెండో వెర్షన్‌ను చదివే శక్తి 2007 మేలో వచ్చిన గిట్ 1.5.2లో ఉంది. పాత వరుసను వదలలేనివారి కోసం దాన్ని 1.4.4.5లోనూ చేర్చారు. దాన్ని అడగకుండానే రాయడం మొదలైంది 2008 ఆగస్టులో వచ్చిన 1.6.0తో. ఆ వ్యవధిలో చాలామంది చేతుల్లోకి కొత్త రూపాన్ని చదవగల ప్రోగ్రాము చేరింది. రాసేటప్పుడు కూడా అవసరానికి సరిపోయే అతి పాత వెర్షన్‌నే రాయడం మంచిది. అదనపు ఫ్లాగులు అవసరమైన ఫైలు ఒక్కటైనా ఉంటే తప్ప గిట్ ఇండెక్స్‌ను మూడో వెర్షన్‌లో రాయదు, రెండోదే రాస్తుంది.

పాత ఫైలును తెరిచినంత మాత్రాన దాన్ని కొత్త రూపంలోకి మార్చేయకండి. మరో వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ అయిన సబ్‌వెర్షన్‌లో 1.7కు ముందు కొత్త ప్రోగ్రాముతో వర్కింగ్ కాపీని (వాడుకరి పనిచేసే ఫోల్డరును) తాకితే చాలు, అది తనంతట తాను కొత్త రూపంలోకి మారిపోయేది. అదే ఫోల్డరును పాత ప్రోగ్రాముతో వాడుతున్నవారు మరుక్షణం నుంచి దాన్ని తెరవలేకపోయేవారు. 1.7 నుంచి అప్‌గ్రేడ్ అన్న ఆదేశాన్ని వాడుకరి స్వయంగా ఇవ్వాలి. మార్పు వెనక్కి తిరగనిదైనప్పుడు ఆ నిర్ణయం వాడుకరిదే కావాలి.

కమిట్ల (నమోదు చేసిన మార్పుల) చరిత్రలో నిలిచిపోయిన పాత పొరపాట్లది మరో సమస్య. గిట్ తొలి రోజుల్లో కొన్ని ఫైళ్ల అనుమతి 100664గా నమోదైంది, ఇప్పటి నియమం ప్రకారం అది 100644 కావాలి. సరిదిద్దితే ఆ ట్రీ (ఒక ఫోల్డరులోని ఫైళ్ల జాబితా) హ్యాష్ మారుతుంది, దానిపైని కమిట్ల హ్యాష్‌లన్నీ మారతాయి, సంతకాలు చెల్లకుండా పోతాయి. అందుకే గిట్ తనిఖీ ఆదేశం నేటికీ ఆ విలువను సహిస్తుంది. హ్యాష్‌తో గుర్తించే సమాచారాన్ని చదివేటప్పుడు ఉదారంగా ఉండండి, కొత్తగా రాసేటప్పుడు మాత్రం కఠినంగా ఉండండి.

ఇవన్నీ పరీక్షలతో నిలబెట్టుకోవలసినవే. ప్రతి విడుదల నాడూ ఆ వెర్షన్‌తోనే ఒక చిన్న రిపాజిటరీ తయారుచేసి పరీక్షల ఫోల్డరులో భద్రపరచండి, తర్వాత ఎన్నడూ దాన్ని మళ్లీ తయారుచేయకండి. నిజమైన పాత ప్రోగ్రామునే బిల్డ్ చేసి కొత్త ఫైలును దాని ముందుంచే పరీక్షలు కూడా రాయండి. గిట్ సోర్సులో రెండు వెర్షన్లను ఒకదానితో ఒకటి మాట్లాడించే ఇంటరాప్ పరీక్షలకు ప్రత్యేకంగా ఒక ఫోల్డరుంది. పాత ప్రోగ్రాము ఆగిపోయినప్పుడు ఏం చెబుతోందో ఆ పరీక్షలోనే చూడండి. ఏ సామర్థ్యం తనకు తెలియదో పేరుతో సహా చెప్పాలి, ఫైలులో ఒక్క బైటు కూడా మారి ఉండకూడదు.