పాత సైకిలు విప్పే ముందు

జూన్‌లో బడులు తెరిచేలోపు చాలా ఇళ్లలో మూలన పడ్డ సైకిళ్లు బయటికొస్తాయి. రెంచి పట్టే ముందు ఇవి చూసుకోండి.

– రంగుకు డబ్బు పెట్టకముందే ఫ్రేము చూడండి. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే చోటు, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు మెడ, పెడల్ ఇరుసు చుట్టూ తుడిచి, మంచి వెలుతురులో పరిశీలించాలి. వెంట్రుకంత పగులున్నా ఆ ఫ్రేము వాడొద్దు. ఫోర్కు విరిగితే తొక్కేవాళ్లు ముఖం మీదే పడతారు. వెల్డింగ్ పెట్టించి పిల్లలకివ్వడం నాకైతే అస్సలు నచ్చదు. పనికొచ్చే పార్టులు తీసుకుని ఫ్రేమును తుక్కుకు వేయండి.

– తుక్కు కొట్లో కొంటుంటే ఫ్రేము నంబరు చూడండి. గీకేసి ఉంటే దొంగ సరుకు కావచ్చు.

– క్రాంకును (పెడల్ ఉండే కాడను) ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను కొట్టి తీసేటప్పుడు క్రాంకు కింద ఇనుప గొట్టం దన్నుగా పెట్టండి. లేకపోతే దెబ్బ బేరింగు గుండ్ల మీద పడి, అవి తిరిగే కప్పులు గుంటలు పడతాయి. తీసిన పిన్ను మళ్లీ వాడొద్దు, కొత్తది చవకే.

– ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది.

– పాత రంగులో సీసం ఉండొచ్చు. తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి.

– చైనులో ఒక పిన్ను నుంచి దాని తర్వాత వచ్చే 24వ పిన్ను దాకా సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు సాగినా మార్చేయండి, లేదంటే కొత్త ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రం) పళ్లనూ తినేస్తుంది.

– టైరు మీద 26 అని ఉంటే చాలదు. 26×1⅜ రిమ్ముకు ఎంటీబీల (మౌంటెన్ బైకుల) 26×1.75 టైరు పట్టదు.