లంబసింగి మంచుకి వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

నవంబరు సగం దాటిందంటే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకటే గొడవ: "ఈ శనివారం లంబసింగి వెళ్దామా?" వైజాగ్‌లో డిసెంబరు రాత్రి కూడా ఫ్యాను ఒకటో నంబరు మీద తిరుగుతూనే ఉంటుంది. అలాంటి ఊళ్లో ఉండేవాళ్లకి, మూడు గంటల దూరంలో నోరు తెరిస్తే పొగ వస్తుందంటే కాళ్లు నిలవవు. నాకూ అంతే. చాలా ఏళ్లుగా ఏటా ఒకసారైనా లంబసింగి, వంజంగి, అరకుల్లో ఏదో ఒక వైపు వెళ్లొస్తున్నాను.

ఇన్నిసార్లు చూశాక నాకు అర్థమైంది ఏంటంటే, చలి వల్ల ఇబ్బంది పడేవాళ్లు తక్కువే. చలి చూడాలన్న ఆత్రంలో నిద్ర మానుకుని ఘాట్ ఎక్కేవాళ్లు, ఆ తర్వాత చలి తట్టుకోలేక గది తలుపులన్నీ బిగించుకునేవాళ్లు ఎక్కువ ఇబ్బందుల్లో పడతారు. అందుకే స్వెట్టర్ల సంగతి తర్వాత. ముందు బయల్దేరే టైము చూసుకోండి.

అందరూ వేసే ప్లాను ఒకటే. శుక్రవారం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, తిని, ఓ కునుకు తీసి, ఒంటిగంటకి కారెక్కడం. అనకాపల్లి, తాళ్లపాలెం, నర్సీపట్నం దాటి నాలుగింటికి ఘాట్ మొదలుపెట్టడం. లెక్క బాగానే ఉంటుంది. కానీ పొద్దంతా పనిచేసిన మనిషికి మగత ముంచుకొచ్చేదీ, పొగమంచు చిక్కబడేదీ సరిగ్గా ఆ వేళకే. రెండూ ఒకే మలుపులో కలుస్తాయి.

ఒకసారి మా బావ నడుపుతున్నాడు. నేను పక్క సీట్లో, అక్క, పిల్లలు వెనకాల. అద్దం తెల్లబడిపోయింది. మంచు అనుకుని వైపర్ వేశాడు, పోలేదు. ఇంకాస్త స్పీడుగా వేశాడు, అయినా పోలేదు. తీరా చూస్తే అది బయటి మంచు కాదు, లోపల ఐదుగురం వదిలిన ఊపిరి. జేబురుమాలు తీసి ఒక చేత్తో తుడుస్తున్నాడు. ఆ రెండు క్షణాల్లో ఎడమ టైరు కింద కంకర నలిగిన చప్పుడు వచ్చింది. వెనక నుంచి అక్క, "ఏమండీ, రాళ్ల మీదకి వెళ్తున్నట్టుంది" అంది. బావ బ్రేకు వేశాడు. దిగి ఫోను లైటు వేసి చూస్తే టైరుకీ అంచుకీ మధ్య మూరెడు చోటు కూడా లేదు. ఎవరం ఏమీ మాట్లాడలేదు. తెల్లారేదాకా కారుని లోపలి వైపు ఆపుకుని కూర్చున్నాం. మంచు ఎలాగూ అక్కడే కనబడింది.

అందుకని నా సలహా ఇది. శనివారం భోంచేసి బయల్దేరి, చీకటి పడకముందే పైకి చేరిపోండి. పైన గది దొరక్కపోతే నర్సీపట్నంలో పడుకోండి. అక్కడి నుంచి లంబసింగి ముప్పై కిలోమీటర్లే. డిసెంబరు చివర్లో సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో గానీ రాడు, వచ్చాక కూడా మంచు ఇంకో గంట, గంటన్నర ఉంటుంది. నిద్రపోయి లేచి ఐదున్నరకి బయల్దేరినా మీకు పోయేదేమీ లేదు.

అద్దం లోపల మసకేస్తే గుడ్డతో తుడవకండి. చలిలో ఏసీ ఎందుకంటారు గానీ, గాల్లో తేమ లాగేసేది ఏసీయే. ఏసీ ఆన్ చేసి, వేడి వైపు తిప్పి, గాలి ముందు అద్దానికి తగిలేలా పెట్టండి. నిమిషంలో తేటపడుతుంది. పొగమంచులో హై బీమ్ వేస్తే వెలుగంతా తిరిగి మన కళ్లలోకే వస్తుంది, లో బీమ్ చాలు. నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని బండి నడపడం ఇప్పుడు ఫ్యాషనైపోయింది. అవి ఆగిన బండికే. నడుస్తుండగా వేస్తే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకాలవాడికి తెలిసే దారి లేదు.

ఎక్కడం కంటే దిగడం కష్టం. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి, న్యూట్రల్ జోలికి పోవద్దు. పెట్రోలు మిగుల్తుందని న్యూట్రల్‌లో వదిలే మహానుభావులు ఇప్పటికీ ఉన్నారు. దారంతా బ్రేకు తొక్కుకుంటూ దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. కాలిన వాసన వస్తే వెంటనే చోటు చూసుకుని ఆపండి, చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు మాత్రం కొట్టకండి. ఆటోమేటిక్ కారైతే 'ఎల్' లేదా మాన్యువల్‌లో పెట్టుకోండి. ఇరుకు చోట ఎక్కే బండికి దారివ్వాలి, అది రూలు కూడా. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర టూరిస్టు బస్సు లోయలో పడి నలుగురు పోయారు. 2023 ఆగస్టులో పాడేరు ఘాట్‌లో ఇంకో బస్సు పడింది. ఆ మలుపులు అలాగే ఉన్నాయి.

పైకి వెళ్లాక రోడ్డు బాగుంది కదా అని తొక్కేయకండి. కోతల కాలం కదా, చోళ్లు (రాగులు), వడ్లు, రాజ్మా రోడ్డు మీదే ఎండబెడతారు, నూరుస్తారు. గింజల మీద బైకు టైరు సబ్బు మీద కాలేసినట్టే జారుతుంది. బైకు మీద వెళ్లే కుర్రాళ్లకి ఇంకో మాట. జర్కిన్ లోపల ఛాతీకి అడ్డంగా నాలుగు మడతల న్యూస్‌పేపరు పెట్టుకోండి, గాలి దూరదు. గ్లవుజులు లేకపోతే అరగంటలో వేళ్లు కొయ్యబారి బ్రేకు లివరు సరిగ్గా పట్టుకోలేరు.

లంబసింగికి పాత పేరు కొర్రబయలు. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందంటారు. ఊరు సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తుకి తగ్గేది ఆరేడు డిగ్రీలే. మిగతా చలి అంతా ఆ లోయ చేసే పని. మబ్బు లేని రాత్రి నేల వేడంతా పైకి పోతుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి కొండల మీంచి జారి బయల్లో నిలవుంటుంది. అందుకే కొండ మీద కంటే కింద ఊళ్లో, చెరువు గట్టున చలి ఎక్కువ. వంజంగి కొండెక్కితే మేఘాలు కాళ్ల కింద కనబడేదీ ఇందుకే. ఇది తెలిస్తే టెంటు ఎక్కడ వేసుకోవాలో కూడా తెలుస్తుంది. పల్లంలో, నీళ్ల పక్కన వద్దు.

ఇక గది సంగతి. ఈ ఒక్కటీ దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

రెండేళ్ల కిందట మేం దిగిన చోట చలికి తట్టుకోలేక పెద్దమ్మ కోసం కుంపటి అడిగాం. కుర్రాడు బొగ్గులు రాజేసి తెచ్చి గదిలో పెట్టి వెళ్లాడు. గాలి వస్తోందని కిటికీ సందుల్లో తువ్వాళ్లు కుక్కాం. ఎర్రగా బొగ్గులు, చుట్టూ దుప్పట్లు, హాయిగా ఉంది. ఓ గంటకి పిల్ల తలనొప్పంది. ఘాట్ తిరుగుడు అనుకున్నాం. కాసేపటికి పెద్దమ్మకి వికారం, నాకు కణతల దగ్గర నొప్పి. అప్పుడే వంట చేసే ఆమె పాలు తెచ్చి తలుపు తీసింది. గడపలోనే ఆగిపోయి, "అయ్యో బాబూ, ఇలాగ మూసీసి పెట్టుకుంతారేటి? ముందు బయటికి రండి" అని కేకేసి, కుంపటిని గుడ్డతో పట్టుకుని వాకిట్లో పెట్టేసింది. పావుగంట ఆ చలిలో నిలబడ్డాక తల తేలికైంది. ఆమె పాలు తేవడం ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను.

మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ రావట్లేదు కదా అంటారు, పొగ లేని బొగ్గుల్లోంచీ అది వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, మగత వరసగా వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకి అవేవీ తెలియవు. గదిలో ఒకరికి కాదు, ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలైందంటే మలుపుల మీదకి నెట్టేయకండి, అందరూ బయటికి వచ్చేయండి. ఎవరైనా తెలివి తప్పితే 108. కుంపటి, చలిమంట ఆరుబయటే. లోపల దుప్పట్లు, సాక్సులు, వేడినీళ్ల సీసా చాలు. టెంటులో అసలే వద్దు. బాత్రూములో గ్యాస్ గీజరు ఉన్నా ఇదే ప్రమాదం. ముందు బకెట్టు నింపుకుని, గీజరు ఆపేసి, అప్పుడు తలుపేసుకుని స్నానం చేయండి.

తాజంగి రిజర్వాయరు లంబసింగికి ఏడెనిమిది కిలోమీటర్లు. పొద్దున్నే నీళ్ల మీద ఆవిరి లేస్తుంటే మాటలు రావు. నా లెక్కలో లంబసింగి జంక్షన్ రద్దీ కంటే ఇదే చూడదగ్గది. కానీ చెరువు గట్టున నిలబడి చూసే అందం అది, దిగి చూసేది కాదు. రిజర్వాయరు అంచున ఎండి బీటలు వారినట్టు కనిపించే మట్టి కింద ఒండ్రు మెత్తగా ఉంటుంది, మోకాలిదాకా దిగిపోతుంది. రెండడుగులు వేశాక లోతు ఒక్కసారిగా పెరగొచ్చు. ఆ చలినీళ్లలో పడితే ఈత వచ్చినవాడు కూడా ముందు గుక్క తిప్పుకోలేడు, ఆ మొదటి నిమిషంలోనే నీళ్లు మింగేస్తాడు. ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడిచే అలవాటు గట్టు మీద మానుకోండి. బోటెక్కితే లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టించుకోండి, ముఖ్యంగా పిల్లలకి కొలతకి సరిపోయేది అడగండి. లేదంటే ఎక్కకండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగి ఏం జరిగిందో మన జిల్లాల వాళ్లకి గుర్తు చేయక్కర్లేదు.

గెడ్డలు (వాగులు), జలపాతాలు కూడా అంతే. అరకు దగ్గరి చాపరాయి లాంటి చోట నీళ్లు పాదాల లోతే ఉన్నా రాతి మీద పాచి ఉంటుంది, చెప్పులతో అడుగేస్తే జారడమే. మందు తాగి నీళ్లలో దిగేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు.

వంజంగి వెళ్లేవాళ్లు పాడేరులో పడుకుంటే మంచిది. చీకట్లో కొండెక్కాలి కాబట్టి ఫోను లైటు మీద ఆధారపడకండి, చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. తలకి కట్టుకునే టార్చి కొనుక్కోండి. మంచు పడి మట్టిదారి జారుతుంది, అడుగు పట్టున్న బూట్లు ఉండాలి. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. దిగేటప్పుడే మోకాళ్లు చెబుతాయి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు పాడేరులోనే ఉండి మోదకొండమ్మని దర్శించుకుంటే సరి. ఇంత చేసినా మేఘాలు వస్తాయన్న గ్యారంటీ లేదు. మేం మూడుసార్లు వెళ్తే ఒక్కసారే కనబడ్డాయి.

పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే నేను చెప్పేది అరకు, అదీ పొద్దుటి కిరండూల్ రైల్లో. వరసగా సొరంగాలు, కిటికీలోంచి లోయలు, డ్రైవరుకి నిద్ర వస్తుందేమోనన్న టెన్షన్ లేదు. బొర్రా దగ్గర కోతులుంటాయి, చేతిలో కవరు కనబడితే లాక్కుపోతాయి.

చిన్న విషయాలు కొన్ని. పెట్రోలు నర్సీపట్నంలోనో, అరకు వైపైతే ఎస్.కోటలోనో నింపుకోండి. సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, చేతిలో నోట్లు ఉంచుకోండి. వాంతులయ్యేవాళ్లు ఘాట్‌కి గంట ముందు అవోమిన్ మాత్ర వేసుకోవచ్చు, చిన్నపిల్లలకైతే డాక్టర్ని అడిగే వేయాలి. డ్రైవరు మాత్రం ముట్టుకోకూడదు, నిద్ర వస్తుంది. రిసార్టు పేరుతో ఫేక్ పేజీలు చాలా ఉన్నాయి, మొత్తం డబ్బు ముందే కొట్టకండి. దారిలో ఎవరైనా "ఈ సంచి నర్సీపట్నంలో మావాడికి ఇచ్చేయండి సార్" అంటే ఎంత బతిమాలినా వద్దు. అది గంజాయైతే మీది కాదని చెక్‌పోస్టులో నిరూపించుకోలేరు. "రోడ్డు పక్కనే ఎకరం ఉంది, రిసార్టు కట్టుకోవచ్చు" అనేవాడికీ దండం పెట్టండి. ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతాల్లో, 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు. సంతలో ఆడవాళ్ల ఫొటోలు అడక్కుండా తీయకండి, మన వీధిలోకి వచ్చి ఎవరైనా అలా తీస్తే ఊరుకుంటామా?

గడ్డిలో, పొదల పక్కన నేల మీద కూర్చోవాల్సి వస్తే చాప వేసుకోండి. అక్కడి చిన్న పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టొచ్చు, కొందరికి అదీ ఉండదు. దోమల సంగతి సరేసరి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని కూర్చోకుండా, డాక్టరు దగ్గర మొదటి మాటగా "ఏజెన్సీకి వెళ్లొచ్చాం" అని చెప్పండి. ఆ మాట వినకపోతే మలేరియా, స్క్రబ్ టైఫస్ పరీక్షలు ఆయనకి వెంటనే తట్టకపోవచ్చు.