ఏ వ్యాపారం పెట్టాలో తేలడం లేదా? లక్షణం, కారణం, పరిష్కారం

చేతిలో మూడు నాలుగు లక్షల పొదుపు, సొంతంగా ఏదైనా చేయాలన్న పట్టుదల ఉండి కూడా, ఏ వ్యాపారం పెట్టాలో తేలక నెలల తరబడి ఆగిపోయేవారు మన పట్టణాల్లో చాలామంది కనిపిస్తారు. ఈ తేలకపోవడం పైకి ఒకటే అనిపించినా దాని కారణాలు వేరువేరు. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న లక్షణాన్ని ముందుగా చదవండి. ఇక్కడి లెక్కలు ఉదాహరణకు వేసినవి కాబట్టి, మీ ఊరి ధరలతో వాటిని మళ్ళీ వేసుకోవాలి.

లక్షణం: చూసిన ప్రతి వ్యాపారమూ బాగున్నట్టే అనిపిస్తుంది

ఉదయం ఎనిమిదింటికి టిఫిన్ సెంటర్ ముందు జనాన్ని చూస్తే అదే పెట్టాలనిపిస్తుంది. సాయంత్రం కర్రీ పాయింట్ దగ్గర గిరాకీ చూస్తే ఇదే మేలనిపిస్తుంది. ఇతరుల వ్యాపారాన్ని గిరాకీ ఉన్న గంటలోనే చూడడం దీనికి కారణం. యజమాని తెల్లవారుజామున నాలుగింటికే పొయ్యి వెలిగించడం, ముందురోజే పిండి రుబ్బించి పెట్టుకోవడం, వంటమనిషి చెప్పకుండా మానేసిన రోజున తానే పెనం ముందు నిలబడడం మన కంటపడవు.

నచ్చిన రెండు వ్యాపారాలను ఎంచుకొని, మీ పేటలో కాకుండా పక్క ఊరిలో, ఒక్కోచోట వారం రోజులు పనిచేయండి. మీరు తనకు పోటీగా రారని తెలిస్తే, జీతం లేకుండా సాయం చేస్తామన్న మనిషిని కాదనే యజమానులు తక్కువే. ఆ దినచర్యను మూడేళ్ళపాటు మోయగలరా లేదా అన్నది ఆ వారంలోనే మీకు తెలిసిపోతుంది.

తరువాత లెక్క వేయాలి. ప్లేటు ఇడ్లీని 40 రూపాయలకు అమ్మితే సరుకులు, గ్యాస్, పొట్లాల ఖర్చు పోను 22 రూపాయలు మిగులుతాయనుకుందాం. అద్దె, ఇద్దరి జీతాలు, కరెంటు కలిపి నెలకు 40,000 అయ్యేచోట, నెలకు 26 రోజులు తెరిచి రోజుకు 70 ప్లేట్లు అమ్మినా ఆ ఖర్చులే గడుస్తాయి, మీకంటూ ఏమీ మిగలదు. మీ ఇంటికి నెలకు 20,000 రావాలంటే రోజుకు 105 ప్లేట్లు కావాలి. మీరు అద్దెకు తీసుకోబోయే గది ముందు అన్ని ప్లేట్లు కొనేంత జనం ఉదయంపూట నడుస్తున్నారా అని నిలబడి లెక్కపెట్టడమే ఈ సమస్యకు నేను నమ్మే పరిష్కారం.

లక్షణం: అమ్మగలను, కానీ డబ్బు అడగాలంటే మొహమాటం

ఏ సరుకు అమ్మాలన్న దానికంటే, అమ్మిన సరుకు డబ్బు ఎన్నాళ్ళకు తిరిగి వస్తుందన్నదే మనిషికీ వ్యాపారానికీ పొంతన కుదిరేదీ లేనిదీ ఎక్కువగా తేలుస్తుందని నా అభిప్రాయం. అందుకే ఈ భాగాన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను.

కిరాణా కొట్టులో రోజుకు 6,000 రూపాయల అమ్మకం ఉండి, అందులో సగం, కొన్న నెల రోజులకు డబ్బిచ్చే ఖాతాల మీద పోతే, ఏ సమయంలో చూసినా దాదాపు 90,000 రూపాయలు మీ కొట్టులో కాక ఇతరుల ఇళ్ళలో ఉంటాయి. హోల్‌సేల్ వ్యాపారి మాత్రం వారానికే డబ్బు అడుగుతాడు. ఆ ఖాళీని నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పూడిస్తే, నెలకు 1,800 రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం, వడ్డీకే పోతుంది. ఎరువులు, పురుగుమందుల దుకాణంలో పంట చేతికి వచ్చేదాకా ఆగాల్సి ఉంటుంది. షామియానా, కేటరింగ్ పనుల్లో అడ్వాన్సు ముందే వచ్చినా, ఆషాఢంలోనూ పుష్యంలోనూ మూఢం రోజుల్లోనూ పెళ్ళిళ్ళు ఉండవు, కానీ గోదాము అద్దె ఆగదు.

అడగడానికి మొహమాటపడేవారికి చేతిలో డబ్బు పడ్డాకే సరుకు ఇచ్చే పనులు నప్పుతాయి: టిఫిన్లు, పళ్ళరసాలు, జిరాక్స్, పంక్చర్లు, కూరగాయలు. మనుషుల్ని నొప్పించకుండా బాకీ వసూలు చేయగలిగినవారికీ, పుస్తకం రోజూ రాసే ఓపిక ఉన్నవారికీ కిరాణా నప్పుతుంది. మీరు ఏ కోవకు చెందుతారో తెలియకపోతే, గత రెండేళ్ళలో మీరు ఇచ్చిన చేతిబదుళ్ళలో ఎన్ని తిరిగి వచ్చాయో గుర్తు చేసుకోండి.

లక్షణం: పని బాగా వచ్చు, అందరూ మెచ్చుకుంటారు, అయినా ధైర్యం చాలదు

ఈ సంకోచానికి తగిన కారణమే ఉంది. మీ ఆవకాయను మెచ్చుకున్నవారు దాన్ని ఊరికే తిన్నవారు. మీకు పరిచయం లేని పదిమందికి పూర్తి ధరకు అమ్మండి. వారిలో ఎందరు రెండోసారి అడిగారో అదే మీ సమాధానం. ధర వేసేటప్పుడు కాయలు, నూనె, కారం, సీసాలతో పాటు మీ కూలిని కూడా కలపాలి. వేసవిలో పెట్టిన ఆవకాయను ఏడాది పొడవునా అమ్మాలి కాబట్టి, అంతకాలం పెట్టుబడి జాడీల్లోనే ఉండిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి. తినుబండారం ఏదైనా సరే, అమ్మకానికి పెట్టే ముందు ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు చేయించుకోవాలి.

లక్షణం: రుణం వస్తుందన్నారని ఒక వ్యాపారం వైపు మొగ్గుతున్నారు

ఇక్కడ వ్యాపారాన్ని ఎంచుకున్నది మీరు కాదు, పథకం. చిన్న వ్యాపారాలకు అప్పు ఇప్పించేందుకు కేంద్రం 2015లో మొదలుపెట్టిన ముద్ర యోజనలో శిశు విభాగం కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా రుణం ఇస్తారు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో గ్రామీణ ప్రాంతాల్లో జనరల్ వర్గానికి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితర వర్గాలకు 35 శాతం సబ్సిడీ ఉంది. అయితే ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. మూడేళ్ళపాటు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, వ్యాపారం నడుస్తున్నట్టు తేలాకే అప్పులో సర్దుబాటవుతుంది. పాడి కోసం అప్పు తెచ్చి రెండు గేదెలు కొన్నవారికి, అవి ఒట్టిపోయిన నెలల్లో కూడా వాయిదా కట్టక తప్పదు.

ముందు వ్యాపారాన్ని ఖాయం చేసుకొని, ఆ తరువాత దానికి సరిపోయే రుణాన్ని వెతకండి. గ్రామీణ యువతకు పాడి, కుట్టుపని, సెల్‌ఫోన్ మరమ్మతు వంటి పనుల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు భోజనం, వసతితో ఉచితంగా శిక్షణ ఇస్తాయి. అప్పు కోసం సంతకం చేసేముందు ఆ శిక్షణకు వెళ్ళిరావడం ఎంతో మేలు.

లక్షణం: ఇంట్లో ఒప్పుకోవడం లేదు

చాలాసార్లు వారి అభ్యంతరం వ్యాపారం మీద కాక, ఎంత పోతుందో తెలియకపోవడం మీద ఉంటుంది. ఎంత పెడతారో, ఎంత పోతే ఆపేస్తారో, ఏ నగ జోలికీ ఏ పొలం జోలికీ వెళ్ళరో కాగితం మీద రాసి వారి ముందు పెట్టండి.

లక్షణం: అన్నీ చూశాక కూడా రెండు వ్యాపారాలు సమానంగా మిగిలాయి

ఏడాదికి మూసేయాల్సి వస్తే ఏ వస్తువు ఎంతకు అమ్ముడుపోతుందో రెండింటికీ విడివిడిగా రాయండి. గ్రైండర్‌కూ ఫ్రిజ్‌కూ కుట్టుమిషన్‌కూ కొన్న ధరలో కొంతైనా తిరిగి వస్తుంది. గోడలకు చేయించిన అలంకరణకూ, కొట్టుకున్న పేరు కోసం పాత యజమానికి ఇచ్చిన గుడ్‌విల్‌ సొమ్ముకూ, అమ్ముడుపోని చీరల నిల్వకూ అంత రాదు. మూసినప్పుడు తక్కువ నష్టం వచ్చేదాన్ని ముందు మొదలుపెట్టి, రెండోదాని లెక్క కాగితాన్ని దాచుకోండి.