మాస్కు మాట పార్టీల తగాదా కాకుండా ఊరిలో చర్చ నడిపే పద్ధతి

కరోనా నాటి నిబంధనల గురించి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ హోటల్ ముందు మాట మొదలైనా కాసేపటికే అది పార్టీల లెక్కలోకి వెళ్లిపోతుంది. మాస్కు పెట్టుకోవాల్సిందే అన్నవారు ప్రభుత్వం మనుషులని, ఎందుకు పెట్టుకోవాలని అడిగినవారు ప్రతిపక్షం మనుషులని ముద్ర పడుతుంది. రేపు ఇంకో అంటువ్యాధి వస్తే ఇదే ఊరు మళ్లీ ఒక్కచోట కూర్చొని నిర్ణయం తీసుకోవాలి. అలాంటి చర్చ నడపవలసి వచ్చే వార్డు సభ్యులు, యువజన సంఘాలవారు, బడి పంతుళ్లు, ఆశా కార్యకర్తల కోసం ఈ పద్ధతిని వివరంగా రాస్తున్నాను. రాజకీయాలు మాట్లాడవద్దని నేను చెప్పను. మనుషుల కదలికను ఆపే ఉత్తర్వు, జరిమానా వేసే ఉత్తర్వు రాజకీయ విషయాలే, వాటి మీద భిన్నాభిప్రాయం ఉండి తీరుతుంది. ఆ భిన్నాభిప్రాయం ఏ ప్రశ్న మీద ఉందో ఇరువైపులవారికీ స్పష్టంగా తెలియకపోవడం వల్లనే మాట పెరిగి మనుషులు దూరమవుతున్నారు.

ముందుగా తేదీలు రాసిన కాగితం ఒకటి తయారు చేసుకోవాలి. 2020 నాటి జ్ఞాపకంతో 2021 నిబంధనను తిట్టడం, ఢిల్లీ ఇచ్చిన ఉత్తర్వుకు హైదరాబాద్‌ను నిందించడం, మళ్లీ దానికి తలకిందులుగా మాట్లాడటం మన దగ్గర చాలా మామూలు. తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలైంది. ఏప్రిల్‌లో రాష్ట్రంలో మాస్కు తప్పనిసరి అయింది, మే నెలలో మాస్కు లేనివారికి 1000 రూపాయల జరిమానా వచ్చింది. 2021 ఏప్రిల్ 20న రాత్రి కర్ఫ్యూ మొదలైంది, మే 12 నుంచి జూన్ 19 వరకు రెండో లాక్‌డౌన్ నడిచింది. విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం ఇస్తూ వచ్చిన ఆంక్షల ఉత్తర్వులు 2022 మార్చి 31తో ముగిశాయి. ఈ తేదీల పక్కన ఎవరు ఇచ్చిన ఉత్తర్వో రాయడానికి ఒక గడి గీయండి. ప్రజారోగ్యం, దవాఖానలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వ్యాధి పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలో ఉంది. అందుకే కేంద్రం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టాన్ని, రాష్ట్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని ఆధారం చేసుకున్నాయి. 2020లో దేశాన్ని మూసిన నిర్ణయం కేంద్రానిది, 2021 మే నెలలో రాష్ట్రాన్ని మూసిన నిర్ణయం రాష్ట్ర మంత్రివర్గానిది. ఈ ఒక్క గడి నింపి అందరి ముందు పెడితే సగం కేకలు అక్కడే ఆగిపోతాయి.

తర్వాత ప్రశ్నలను విడదీయాలి. మాస్కు వ్యాధిని ఆపుతుందా అన్నది ఒక ప్రశ్న. దాన్ని తప్పనిసరి చేసే అధికారం ఎవరికి ఉంది అన్నది రెండోది. ఆ నిబంధన అందరికీ ఒకే తీరుగా అమలైందా అన్నది మూడోది. దాని భారం ఎవరి మీద పడింది అన్నది నాలుగోది. చర్చ నడిపే వ్యక్తి ప్రతి మాటనూ ఈ నాలుగింటిలో ఒకదాని కింద చేర్చాలి. ఎవరైనా పెద్దమనిషి గొంతు పెంచితే, “కాకా, మాస్కు పనిచేస్తదా లేదా అని అడుగుతున్నవా, లేకుంటే నీకు జరిమానా వేసి వాళ్లను వదిలేసిన్రని అడుగుతున్నవా?” అని మర్యాదగా అడగండి. చాలాసార్లు వచ్చే జవాబు జరిమానా గురించే. అప్పుడు పరిశోధనల గురించి ఆయనకు పాఠం చెప్పడం అనవసరం, పైగా అవమానంగా కూడా తోస్తుంది.

మాస్కు పనిచేస్తుందా అన్న ప్రశ్నే నిజంగా వచ్చినప్పుడు, తెలిసినంతవరకే చెప్పాలి. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో, దాదాపు 3 లక్షల 40 వేల మందితో జరిగిన పరిశోధన మన పల్లెలకు అన్నింటికంటే దగ్గరగా ఉంటుంది. అక్కడ మాస్కు ధరించేవారు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. లక్షణాలు కనిపించి రక్తపరీక్షలో నిర్ధారణ అయిన కేసులు ఆ గ్రామాల్లో సుమారు 9 శాతం తగ్గాయి. సర్జికల్ మాస్కులు ఇచ్చిన గ్రామాల్లో అరవై దాటినవారిలో ఈ తగ్గుదల 35 శాతం దాకా ఉంది. బట్ట మాస్కుల విషయంలో మాత్రం స్పష్టమైన ఫలితం రాలేదు. కాబట్టి “దస్తీ కట్టుకుంటే చాలదా?” అని అడిగినవారికి, ఏమీ లేకపోవడం కంటే మేలు కావచ్చు గాని సర్జికల్ మాస్కుకు ఉన్నంత రుజువు దస్తీకి లేదని చెప్పాలి. మాస్కు వృథా అనేవారు డెన్మార్క్ పరిశోధనను చూపిస్తారు. సుమారు 6000 మందితో జరిగిన ఆ పరిశోధనలో మాస్కు సలహా పొందినవారిలో 1.8 శాతానికి, మిగిలినవారిలో 2.1 శాతానికి వ్యాధి సోకింది. ఆ తేడా మీద గట్టి నిర్ణయానికి రాలేమని దాని అర్థం. పైగా అది ధరించినవారికి కలిగే రక్షణను మాత్రమే కొలిచింది, వారివల్ల ఎదుటివారికి సోకడం తగ్గిందా అన్నది కొలవలేదు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023 జనవరిలో ఇచ్చిన సమీక్షను కూడా ఇదే విధంగా వాడారు. మాస్కులు పనిచేయవని ఆ సమీక్ష తేల్చిందనడం సరికాదని, ఫలితం అసంపూర్ణమేనని ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే మార్చిలో వివరణ ఇచ్చారు. మొదట సాధారణ ప్రజలకు మాస్కు అవసరం లేదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్ 5న సలహా మార్చుకుంది. దాచిపెట్టకుండా ఈ మాట కూడా మీరే ముందు చెప్పండి, ఎదుటివారు బయటపెట్టేదాకా ఆగితే మీ మిగిలిన మాటలకు విలువ పోతుంది.

ఇప్పుడు మూడో ప్రశ్న. మన జిల్లాల్లో అసలు గాయం ఇక్కడ ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2021 మార్చి 14న మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్, నల్లగొండ–ఖమ్మం–వరంగల్ పట్టభద్రుల శాసనమండలి స్థానాలకు ఓటింగ్ జరిగింది. మార్చి 24 నుంచి బడులు మూసేశారు. హోలీ, ఉగాది, శ్రీరామనవమి ఉత్సవాలు గుంపుగా జరపవద్దని, ఊరేగింపులు వద్దని ఏప్రిల్ నెలాఖరు వరకు ఆంక్షలు పెట్టారు. మాస్కు లేకుంటే 1000 రూపాయల జరిమానా అని ఏప్రిల్‌లో మరోసారి ఉత్తర్వు ఇచ్చారు. అదే నెలలో నాగార్జునసాగర్ ఉప ఎన్నిక ప్రచారం సాగింది. ఏప్రిల్ 14న హాలియాలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు సభ జరిగింది, 17న పోలింగ్, 19న ముఖ్యమంత్రికి పాజిటివ్ వచ్చింది. ఆయనకు సభలోనే సోకిందని గాని, సభవల్లనే కేసులు పెరిగాయని గాని ఊరి చర్చలో తేల్చడం సాధ్యం కాదు, తేల్చబోతే చర్చ దారి తప్పుతుంది. రామనవమి పందిరి వేయవద్దన్న నెలలోనే ఎన్నికల సభ పందిరి లేచిందన్నది మాత్రం ఎవరూ కాదనలేని విషయం. ప్రచారం చేసింది అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్ ఒక్కటే కాదు. కాంగ్రెస్ తరఫున జానారెడ్డి, బీజేపీ తరఫున రవికుమార్ నాయక్ పోటీలో ఉన్నారు, మూడు పార్టీల జనమూ గుమిగూడారు. గెలుపు ఊరేగింపులను నిషేధిస్తూ ఎన్నికల సంఘం ఏప్రిల్ 27న ఉత్తర్వు ఇచ్చేనాటికి ప్రచారం, పోలింగ్ రెండూ అయిపోయాయి.

ఈ ప్రశ్న మీద చర్చ నడిపేటప్పుడు ఒక కట్టుబాటు పెట్టండి. ప్రతివారూ మొదట తమ పార్టీ చేసిన తప్పు ఒకటి చెప్పాలి, ఆ తర్వాతే ఎదుటి పార్టీ గురించి మాట్లాడాలి. ఇది కష్టమైన కట్టుబాటు, కొందరు లేచి వెళ్లిపోతారు కూడా. అయినా దీన్ని వదలవద్దు. బంగ్లాదేశ్ గ్రామాల్లో జరిమానాలు వేసి మాస్కులు పెట్టించలేదు. ఉచితంగా పంచారు, ఎందుకో చెప్పారు, అంగళ్ల దగ్గర, మసీదుల దగ్గర ఎదురుపడి గుర్తు చేశారు, స్థానిక పెద్దలు తాము ముందు పెట్టుకొని చూపించారు. పెద్దలు పాటించని నిబంధనకు ఊరిలో నిలకడ ఉండదు. మన దగ్గర మాస్కును ముఖం మీద నుంచి గదవ కిందికి దించినవి పుకార్లకంటే ఎక్కువగా ఆ ఎన్నికల సభలేనని నా అభిప్రాయం.

భారం ఎవరి మీద పడిందన్న నాలుగో ప్రశ్నకు పాలమూరు (మహబూబ్‌నగర్) దగ్గర ఇంకెవరి దగ్గరా లేనంత అనుభవం ఉంది. బొంబాయి, పుణె పనులకు వలస వెళ్లిన కుటుంబాలకు లాక్‌డౌన్ అంటే కూలి ఆగిపోవడం, తిరిగి రావడానికి దారి లేకపోవడం. తీరా ఊరికి చేరేసరికి కొన్ని పల్లెల్లో పొలిమేర దారులకు ముళ్లకంపలు అడ్డం వేసి ఉన్నాయి. ఇంట్లో వేరుగా ఉండాలన్న నిబంధన ఇంట్లో వేరే గది ఉంటుందన్న ఊహ మీద నిలబడింది. 2021 మే నెలలో నల్లగొండ జిల్లాలోని ఒక తండాలో, పాజిటివ్ వచ్చిన విద్యార్థి ఒకరు ఒకే గది ఉన్న ఇంట్లో తల్లిదండ్రులకు అంటుతుందని భయపడి, చెట్టు కొమ్మల మీద వెదురుతో మంచం కట్టుకొని పదకొండు రోజులు అక్కడే గడిపారు. ఆ సంగతిని చాలామంది మెచ్చుకోలుగా చెప్పుకున్నారు. చర్చలో మాత్రం దాన్ని ఇంకో తీరుగా అడగాలి: ఆ తండాకు దగ్గరలో బడి భవనమో, హాస్టలో ముందే సిద్ధం చేసి ఉంటే ఆ పిల్లవాడు చెట్టెక్కవలసి వచ్చేదా? నిబంధన పెట్టినవారు దానితోపాటు ఇవ్వవలసిన సాయాన్ని కూడా రాయాలన్న కోరిక ఏ పార్టీకీ వ్యతిరేకం కాదు, అన్ని పార్టీలవారూ దాని మీద సంతకం పెట్టగలరు.

గద్వాల, అలంపూర్ వైపు, అట్లాగే కోదాడ వైపు చర్చ జరిగితే సరిహద్దు సంగతి తప్పక వస్తుంది. 2021 మే నెలలో హైదరాబాద్‌లో దవాఖాన పడక ఖాయమైందన్న రుజువు, అనుమతి లేవని ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేటు దగ్గర, కోదాడ సమీపంలోని రామాపురం దగ్గర పోలీసులు ఆపారు. మే 14న తెలంగాణ హైకోర్టు, అనుమతి ఉండాలన్న తెలంగాణ ప్రభుత్వ ఉత్తర్వును నిలిపివేసింది. ఇక్కడ మన రాష్ట్రం, వాళ్ల రాష్ట్రం అన్న వాదం వేడెక్కుతుంది. ఆ నిబంధన వ్యాధి పాకే దారిని ఆపిందా, వైద్యం కోసం వచ్చే మనిషిని ఆపిందా అని మాత్రమే అడగండి. పడకల కొరత నిజమేనని, రోగిని దారిలో ఆపడం దానికి పరిష్కారం కాదని రెండు మాటలూ ఒకే నోటితో చెప్పవచ్చు. టీకా గురించి వచ్చే గొడవకు 2022 మే 2 నాటి సుప్రీంకోర్టు తీర్పు చాలు: ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదు, ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చు, అవి అవసరానికి తగినంతే ఉండాలి.

అమెరికాలో ఉన్న కొడుకులు, అల్లుళ్లు పంపే వీడియోల విషయంలో ఎక్కువ సేపు ఆగవద్దు. టెక్సాస్ గవర్నర్ 2021 మార్చిలో మాస్కు నిబంధన ఎత్తేశారు, విమానాల్లో మాస్కు నిబంధనను ఫ్లోరిడాలోని ఒక ఫెడరల్ న్యాయమూర్తి 2022 ఏప్రిల్‌లో కొట్టేశారు. అవి అక్కడి చట్టాల మీద, అక్కడి పార్టీల మధ్య జరిగిన వాదాలు. దేవరకొండ అంగడిలో ఏం చేయాలో వాటినుంచి తేలదు.

కరోనాలో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారు సభలో ఉంటే, వారు మాట్లాడుతున్నప్పుడు తేదీలు సరిదిద్దవద్దు, కాగితం తీయవద్దు. వారి మాట పూర్తయ్యేదాకా విని, ఆ రోజుకు చర్చ ఆపవలసి వస్తే ఆపండి.

చివరిగా తీర్మానం రాయడం. గ్రామ పంచాయతీ తనంతట తాను రోగులను ఊరి నుంచి వెలివేయడం, దారులు మూయడం, ఇష్టం వచ్చినట్టు జరిమానా వేయడం తీర్మానంలో ఉండకూడదు. మాస్కులు ఎవరు కొంటారు, ఎవరు పంచుతారు, ఒంటరిగా ఉండవలసినవారికి ఏ భవనం తెరుస్తారు, వారికి అన్నం ఎవరు పంపుతారు, తిరిగి వచ్చే వలస కూలీల పేర్లు ఎవరు రాసుకుంటారు అన్నవి ఉండాలి. పెండ్లి, చావు, జాతర, పార్టీ సభ నాలుగింటికీ మనుషుల సంఖ్య ఒక్కటే అని స్పష్టంగా రాయండి, ఆ వాక్యం కింద అన్ని పార్టీల గ్రామ అధ్యక్షుల సంతకాలు తీసుకోండి. ప్రతి నిబంధనకూ ముగిసే తేదీ పెట్టండి. పొడిగించాలంటే మళ్లీ సభ పెట్టాలన్న షరతు కూడా చేర్చి, ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి ఇచ్చి, ఇంకొకటి పంచాయతీ గోడమీద అందరికీ కనపడేటట్టు అంటించండి.